మందు ఇచ్చే ముందు ఒక మాట

పాఠకుల ప్రశ్నలు - సిస్టర్ జవాబులు

ముప్ఫై నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఆపరేషన్ థియేటర్లోనూ, పక్కనే ఉండే రికవరీ గదిలోనూ గడిచింది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగారు: అందరికీ పడే మందు మా వాళ్లకే ఎందుకు వికటించింది? అందుకని బీపీ, షుగరు ఉత్తరాలు పక్కన పెట్టి ఈసారి చోటంతా వీటికే ఇచ్చాను. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రమే వేశాను.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మేం ఆర్యవైశ్యులం. 2009లో మా తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ చేశారు. పొద్దున పదింటికి లోపలికి తీసుకెళ్లి, గంటలో అయిపోతుందన్నారు. రాత్రి ఎనిమిది దాకా మెషిన్ మీదే ఉంచారు. 'మత్తు వదల్లేదు, కొందరి ఒంటి తత్వం అంతే' అన్నారు. మర్నాడు మామూలుగా లేచి ఇడ్లీ తిన్నాడు, మేమూ మర్చిపోయాం. ఇప్పుడు మా అమ్మాయికి ఏడో నెల. నాది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నాను. అమ్మాయికి సిజేరియన్ చేయాల్సి వస్తే ఈ సంగతి చెప్పాలా? చెబితే వియ్యాలవారు 'మీ వంశంలో ఏదో ఉంది' అంటారేమోనని మావారి భయం. నాకు రెండు ఆపరేషన్లయ్యాయి, ఏమీ కాలేదు. - ఒక తల్లి, తెనాలి

జవాబు: చెప్పాలమ్మా. నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే చెప్పండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే నా కళ్ల ముందు జరిగింది ఒకటి వినాలి.

1993. కోస్తాలో ఒక టౌన్ ఆసుపత్రిలో థియేటర్ నర్సుగా చేరి రెండో ఏడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, డిగ్రీ పరీక్షలు రాసి వచ్చాడు, అపెండిక్స్. ఆపరేషన్ ముప్పావుగంటలో అయిపోయింది. మత్తు డాక్టరు గారు గ్యాస్ ఆపారు. ఆ పాటికి గొంతులో ఉన్న గొట్టానికి పేషెంటు దగ్గాలి, పొట్ట ఎగిరెగిరి పడాలి. ఈ పిల్లవాడిలో చలనం లేదు. మత్తు గ్యాస్ ఇచ్చే బాయిల్స్ మెషిన్‌కి ఉండే నల్ల రబ్బరు బ్యాగును నొక్కితే ఛాతీ లేస్తోంది, వదిలితే లేదు. అప్పటికి మా దగ్గర వెంటిలేటర్ లేదు. ఆయన కాసేపు, నేను కాసేపు, ఇంకో సిస్టర్ కాసేపు వంతులేసుకుని నొక్కాం. నిమిషానికి పన్నెండు, పద్నాలుగు సార్లు. చెయ్యి మొద్దుబారుతుంటే లెక్క తప్పకుండా పైకే అంకెలు చదువుకున్నాను.

పన్నెండున్నర ప్రాంతంలో నాడి చూస్తే, అంతదాకా ఎనభై ఉన్నది నూట ముప్ఫైకి పోయింది. కళ్లు ఎండిపోకుండా రెప్పల మీద అంటించిన ప్లాస్టరు అంచున తడి కనిపించింది. మెల్లగా లేపి చూశాను. కన్నీటి చుక్క చెవి వైపు జారుతోంది. 'సార్, బాబు మెలకువగానే ఉన్నాడు' అన్నాను. నోరు పెగలదు, వేలు కదలదు, చుట్టూ మనం మాట్లాడేదంతా వినిపిస్తోంది. ఆ స్థితిలో పడున్నాడు. డాక్టరు గారు వెంటనే నిద్రమందు ఇచ్చారు. నేను చెవి దగ్గరికి వంగి, 'నాయనా, ఆపరేషన్ అయిపోయింది. మందు దిగడానికి టైం పడుతోంది. నీకు ఊపిరి మేం ఇస్తున్నాం, వదిలి ఎక్కడికీ పోం' అని చెప్పాను. నిద్రమందు ఇచ్చాక కూడా అరగంటకోసారి అదే మాట చెబుతూనే ఉన్నాను.

సాయంత్రం ఐదు దాటాక కుడిచేతి చూపుడు వేలు కదిలింది. తర్వాత రెప్పలు. దిండు మీంచి తల ఎత్తి ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆపగలిగాకే గొట్టం తీశారు. రాత్రి నేను డ్యూటీ దిగుతుంటే వరండాలో వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. 'వీడి పెద్దనాన్నకీ ఇలాగే అయిందమ్మా, పొద్దుననగా లోపలికి పోయినవాడికి దీపాలు పెట్టాక తెలివొచ్చింది. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు' అంది. నేనే ఆ పొద్దున కేస్ షీట్‌లో 'ఎలర్జీలు లేవు' అని రాసి సంతకం పెట్టాను. నేనడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

మీ తమ్ముడిదీ అదే కథలా ఉంది. ఊపిరి గొట్టం వేసే ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ వాడతారు. థియేటర్లో అందరం స్కోలిన్ అంటాం. నిమిషం లోపు పనిచేస్తుంది, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని రక్తంలో విరగ్గొట్టే ఎంజైమ్ పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేస్, ల్యాబు వాళ్లు సూడోకోలినెస్టరేస్ అని రాస్తారు. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు. మిగతా ఒంటికి దానివల్ల ఏ లోటూ లేదు. తింటారు, తిరుగుతారు, నూరేళ్లు బతుకుతారు. స్కోలిన్ గానీ, మైవాక్యూరియం అనే ఇంకో మందు గానీ ఇచ్చిన రోజే బయటపడుతుంది. అప్పుడు నిమిషాల్లో దిగాల్సింది గంటలు పడుతుంది. పక్కన ఊపిరి అందించే మనిషో మెషినో ఉంటే ప్రాణానికి భయం లేదు. సంగతి తెలియక గొట్టం ముందే తీసేస్తే మాత్రం ప్రమాదమే.

ఈ లోపం ఏ కులం వారికైనా ఉండొచ్చు. ఆర్యవైశ్యుల్లో మాత్రం చాలా ఎక్కువ. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం వారు పాలుపంచుకున్న పరిశోధన 2006లో దీని మూలాన్ని పట్టుకుంది: ఆ ఎంజైమ్‌లో 307వ చోట లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది, ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది. 2017లో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వారు కలిసి దక్షిణాసియా జనసమూహాల మీద రాసిన వ్యాసంలో కూడా ఇది ఉంది. ఇతరులతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం సుమారు వంద రెట్లు ఎక్కువని రాశారు. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహం, తరతరాలుగా తమలో తామే సంబంధాలు చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఒకరికున్న అక్షరదోషం ఇందరికి అందుతుంది. ఫిన్లాండు వాళ్లలో, యూదుల్లో కూడా ఇలాంటివే వేరే లోపాలున్నాయి. ఇందులో వంశానికి మచ్చ ఏముందమ్మా? మీ అల్లుడుగారి వైపూ ఆర్యవైశ్యులే అయితే వాళ్లకూ ఇది తెలియాల్సిన సంగతే. ఇదే మాట మీవారికి చదివి వినిపించండి.

ఇక లెక్క చూద్దాం. ఈ ఎంజైమ్ తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఆ రెండు ప్రతులూ దోషంతో వస్తేనే ఈ ఇబ్బంది గట్టిగా ఉంటుంది. మీ తమ్ముడికి రెండూ వచ్చాయంటే మీ అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఒక్కొక్కటన్నా ఉన్నట్టు. మీకు ఒకటి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మీవారు మీ మేనత్త కొడుకు కాబట్టి అటు నుంచీ ఒకటి రావచ్చు. అంటే మీ అమ్మాయికి రెండూ చేరే దారి ఉంది. మీ ఆపరేషన్లలో ఏమీ కాలేదన్నారు. అవి నడుముకు సూది వేసి చేసినవైతే అసలు స్కోలిన్ ఇచ్చే ఉండరు. ఇవ్వని మందు పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష చాలా మామూలుది. సీరం కోలినెస్టరేస్ అని రాయించుకోండి, సూడోకోలినెస్టరేస్ అన్నా అదే. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు చేసే రక్తపరీక్ష అదే కాబట్టి మన పక్క పెద్ద ల్యాబులన్నిటికీ అలవాటే. మీ ఇంట్లో మొదట చేయించాల్సింది మీ తమ్ముడికి, తర్వాత అమ్మాయికి, మీకు, మిగతా తోబుట్టువులకు. గర్భంతో ఉన్నప్పుడు ఈ ఎంజైమ్ మామూలుగానే కొంత తగ్గుతుంది, కాస్త తక్కువ వచ్చిందని కంగారు పడకండి. మనం భయపడేది అట్టడుగున, ఉందా లేదా అన్నట్టు వస్తే. జన్యు పరీక్ష కూడా చేయిస్తే మంచిదే, దానికోసం కాన్పును ఆపక్కర్లేదు. సిజేరియన్ చాలావరకు నడుము సూదితోనే చేస్తారు, అందులో వాడే బ్యుపివకైన్‌కి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. చిక్కంతా అర్ధరాత్రి ఎమర్జెన్సీలో పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తేనే. ఆ తొందరలో చెయ్యి ముందుగా పోయేది స్కోలిన్ మీదికే. ముందే తెలిస్తే రోక్యురోనియం లాంటి వేరే మందుతో డాక్టరు గారు నిమ్మళంగా పని కానిస్తారు.

అందుకే నోటిమాటతో సరిపెట్టకండి. కాన్పు ఫైలు అట్ట మీద, కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించండి: 'మేనమామకు స్కోలిన్ తర్వాత చాలాసేపు ఊపిరి రాలేదు. స్కోలిన్, మైవాక్యూరియం వద్దు.' డాక్టర్ల కోసం ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతోనే రాయించండి. అదే ముక్క ఒక చీటీ మీద రాసి అమ్మాయి పర్సులో, ఫోటో తీసి అల్లుడుగారి ఫోన్‌లో పెట్టండి. కాన్పు రోజున డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి ఆ చీటీ చేతికిచ్చి, 'మత్తు డాక్టరు గారికి చూపించండి' అని అడగండి. ఎవరూ విసుక్కోరు. విసుక్కున్నా సరే, అడగండి.

ప్రశ్న: మేడమ్, ఏజెన్సీలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. పదకొండేళ్ల బాబుకి వైవాక్స్ మలేరియా వస్తే క్లోరోక్విన్‌తో పాటు ప్రైమాక్విన్ మొదలుపెట్టాం. మూడోరోజు వాళ్ల అవ్వ వచ్చి 'మూత్రం టీ డికాషన్‌లా పోస్తున్నాడు' అంది. వెళ్లి చూస్తే కళ్లు పచ్చగా, పెదాలు పాలిపోయి ఉన్నాయి. మాత్రలు ఆపి, డాక్టరుగారికి ఫోన్ చేసి, ఏరియా ఆసుపత్రికి పంపాను. రక్తం ఎక్కించారు, కోలుకున్నాడు. ఇంతవరకూ ఇన్ని వందల మందికి ఇచ్చాను, ఎప్పుడూ ఇలా కాలేదు. నా చేత్తో ఇచ్చిన మాత్రే కదా అని నిద్ర పట్టడం లేదు. - పాడేరు వైపు నుంచి

జవాబు: తల్లీ, ముందు ఒకటి విను. నీ పొరపాటేం లేదు. నువ్వు అవ్వ మాట విని వెంటనే వెళ్లావు, మాత్ర ఆపావు, పంపావు. వాడు బతికింది అందుకే. 'ఎండ దెబ్బ, నీళ్లు తాగించు' అని పంపేసి ఉంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది.

ఆ బాబుకి జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉండి ఉండాలి. ఎర్ర రక్తకణాన్ని కొన్ని మందుల దాడి నుంచి కాపాడే ఎంజైమ్ అది. అది తక్కువైతే ప్రైమాక్విన్ పడ్డ రెండు మూడు రోజుల్లో కణాలు పగలడం మొదలవుతుంది, లోపలి రంగు మూత్రంలోకి వస్తుంది. 1956లో అమెరికాలో ప్రైమాక్విన్ మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలే ఈ లోపాన్ని కనిపెట్టారు. ఆ పరిశోధనలు ఇల్లినాయ్ రాష్ట్రంలో జైలు ఖైదీల మీద చేశారు. మనకు ఈ జాగ్రత్త తెలిసింది ఆ ఖైదీల రక్తం వల్ల. నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆ సంగతి వదలకుండా చెబుతాను.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే కాబట్టి దోషం ఉంటే పూర్తిగా బయటపడుతుంది. ఆడపిల్లల్లో కొన్ని కణాలు బాగుంటాయి, కొన్ని ఉండవు. కొందరికి బాగానే ఇబ్బంది అవుతుంది, 'ఆడపిల్లే కదా' అని వదిలేయకూడదు. ఆ బాబుకి దోషం వచ్చింది తల్లి నుంచి. కాబట్టి ఇప్పుడు నువ్వు చూడాల్సింది వాడి అన్నదమ్ములను, మేనమామలను, పిన్ని, పెద్దమ్మల కొడుకులను. అదే ఊళ్లో ఉంటారుగా. మలేరియా రిజిస్టర్‌లో ఆ ఇళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకో, మెడికల్ ఆఫీసరుగారితో మాట్లాడి పరీక్ష చేయించు. వేలి నుంచి చుక్క రక్తంతో చేసే పరీక్షలున్నాయి. ఒక మెలిక ఉంది: ఆ బాబుకి ఇప్పుడే చేస్తే పరీక్ష మామూలుగా వచ్చే ప్రమాదం ఉంది. ముసలి కణాలు పగిలిపోయి, ఒంట్లో ఉన్నవన్నీ కొత్త కణాలే అయినప్పుడు ఎంజైమ్ ఎక్కువ కనిపిస్తుంది. పైగా రక్తం కూడా ఎక్కించారు. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. ఈలోగా 'నార్మల్' అన్న కాగితం ఫైలులోకి చేరనివ్వకు.

పరీక్ష అందుబాటులో లేనిచోట మన నోరే పరీక్ష. మాత్ర ఇచ్చే ముందు మూడు ముక్కలు అడుగు. పుట్టిన వారంలో బాగా పచ్చబడి లైటు కింద పెట్టారా? జ్వరం మాత్రలు వేసుకున్నాక ఎప్పుడైనా మూత్రం నల్లగా వచ్చిందా? ఇంట్లో మగపిల్లలెవరికైనా రక్తం ఎక్కించారా? ఇచ్చాక మొదటి నాలుగు రోజులూ మూత్రం గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడమను. స్టీలు గ్లాసులో రంగు తెలియదు. ఆశా కార్యకర్తకు కూడా ఇది నేర్పు. ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు ప్రైమాక్విన్ వద్దన్నది నీకు తెలిసిందే. కడుపులో బిడ్డ జీ6పీడీ సంగతి మనకు తెలియదు కాబట్టి ఆ నియమం. అలాగని భయంతో మిగతావాళ్లకు పద్నాలుగు రోజుల కోర్సు మధ్యలో ఆపకు. ఆపితే కాలేయంలో దాక్కున్న వైవాక్స్ మళ్లీ లేస్తుంది. లోపం ఉన్నవాళ్లకు వారానికొక మోతాదు చొప్పున ఎనిమిది వారాలు, దగ్గరుండి చూసుకుంటూ ఇచ్చే పద్ధతి ఒకటుంది. అది డాక్టరుగారు నిర్ణయించాలి.

ఆ ఇంటివాళ్లకు ఇంకా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కుష్టు చికిత్సలో ఇచ్చే డాప్సోన్ కూడా వీళ్లకు ప్రమాదమే, ఆ మాత్రలు ఇచ్చేచోట ముందే చెప్పాలి. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్ కూడా అంతే. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు చంటిపిల్లల బట్టల్లో వేయకూడదు, ఈ లోపం ఉన్న పసివాళ్లకు ఆ నాఫ్తలీన్ వాసనే చాలు రక్తకణాలు పగలడానికి. ఇంకొకటి, ఫోన్లో చదివి చిక్కుడుకాయ మానేస్తున్నారని విన్నాను. వీళ్లకు పడనిది ఫావా బీన్స్, ఉత్తరాదిన బాకలా అంటారు. మన పందిరి చిక్కుడు వేరే జాతి. ఉన్న కూర మాన్పించి పిల్లల్ని ఎండగట్టొద్దు.

ప్రశ్న: మా ఆవిడ ముఖం నరాల నొప్పికి మూడేళ్లుగా కార్బమజెపిన్ వాడుతోంది. ఆ మందుకు ముందు జన్యు పరీక్ష చేయాలని, లేకపోతే చర్మం ఊడిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఆపేయమంటారా? - కరీంనగర్

జవాబు: ఆపొద్దు బాబూ. వాట్సాప్‌లో వచ్చింది అబద్ధం కాదు, మీ ఆవిడకు వర్తించదు, అంతే. హెచ్ఎల్ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవారికి ఈ మందుతో ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం లేచిపోయే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆసియా సంతతి వారికి ముందే పరీక్ష చేయమని అమెరికా ఔషధ సంస్థ 2007లో సూచించింది, అందులో భారతీయులమూ ఉన్నాం. కానీ ఆ ముప్పు దాదాపు అంతా మొదటి రెండు మూడు నెలల్లోనే. మూడేళ్లు నిక్షేపంగా వాడిన మనిషికి ఆ భయం దాటిపోయినట్టే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ పరీక్ష గురించి డాక్టరును తప్పక అడగమంటాను. చేయించలేకపోతే మొదటి రెండు నెలలూ ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడి మండటం, ముట్టుకుంటే చర్మం నొప్పి: ఈ నాలుగూ దద్దుర్ల కంటే ముందే రావచ్చు. నేను చూసిన ఒకమ్మాయి 'నోరు పూసింది' అని నాలుగు రోజులు బి కాంప్లెక్స్ మింగింది. ఆ నాలుగు రోజులే విలువైనవి. అలాంటి సూచన కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫిట్స్ కోసం వాడుతున్నవారైతే తమంతట తాము మానేసి ఇంట్లో కూర్చోకూడదు, అదే రోజు మందు మార్పించుకోవాలి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. ఉమ్మి పంపిస్తే జన్యు రిపోర్టు ఇచ్చే కిట్ తెప్పించుకున్నాను. సీవైపీ2సీ19 జన్యువులో 'పూర్ మెటబొలైజర్' అని, క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయదని వచ్చింది. విజయవాడలో మా నాన్నగారికి నాలుగు నెలల క్రితం స్టెంట్ వేశారు, ఆయన వాడేది అదే మాత్ర. నాన్న రిపోర్టు చూపిస్తే డాక్టరుగారు చూడలేదట. ఏం చేయాలి?

జవాబు: బాబూ, ఇది పట్టించుకోవాల్సిన కాగితమే. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు అది ఇంకా మందు కాదు. కాలేయంలో సీవైపీ2సీ19 జన్యువు తయారుచేసే ఎంజైమ్ దాన్ని మందుగా మారుస్తుంది. జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోతే మాత్ర వేసుకున్నా రక్తం పలచబడటం సరిగా జరగదు. 2010లోనే అమెరికాలో ఆ మాత్ర మీద పెట్టె కట్టి హెచ్చరిక వేశారు. మన దక్షిణాసియా వాళ్లలో ఈ జన్యుదోషం బాగా ఎక్కువ.

అయితే అది మీ రిపోర్టు, నాన్నగారిది కాదు. మీకు రెండు ప్రతులూ దోషంతో వచ్చాయంటే నాన్నగారి దగ్గర ఒకటి తప్పకుండా ఉన్నట్టు. రెండోది ఎలా ఉందో ఆయన రక్తమే చెప్పాలి. మీ రిపోర్టును ఫోన్లో చూపిస్తే ఓపీ హడావుడిలో ఎవరికీ చూసే తీరిక ఉండదు. ఒకే పేజీ ప్రింటు తీసి, ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి, 'నాకు ఈ పరీక్ష రాస్తారా, అవసరమైతే టికాగ్రెలర్ లాంటిదానికి మారుస్తారా' అని నాన్నగారిచేత ఒకే ప్రశ్న అడిగించండి. ఓపీలో బీపీ చూసే సిస్టర్‌కి ఆ కాగితం ముందుగా ఇస్తే ఇంకా మంచిది, ఫైలులో పైన పెట్టి లోపలికి పంపుతుంది. గ్యాస్‌కి ఒమెప్రజోల్ వాడుతున్నారేమో కూడా చూడండి, అది కూడా ఇదే ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది.

ఒక్కటి మాత్రం ఫోన్ చేసి ఈరోజే చెప్పండి: డాక్టరు మార్చేదాకా ఆ మాత్ర ఒక్కపూట కూడా మానకూడదు. స్టెంట్ వేసిన తొలి నెలల్లో ఏమీ వేసుకోకపోవడం కన్నా సగం పనిచేసే మాత్ర నయం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జెనెటిక్స్ డాక్టర్ల పని కదా మేడమ్, మాకెందుకు పెట్టారు? ఎలర్జీకి ఎలాగూ టెస్ట్ డోస్ వేస్తాం కదా. - కర్నూలు

జవాబు: టెస్ట్ డోస్‌తో తెలిసేది ఒక రకం ఎలర్జీ మాత్రమే. పైన చెప్పిన ఒక్కటీ దానిలో పడదు. స్కోలిన్ చర్మం కింద వేస్తే ఏ దద్దూ రాదు, ప్రైమాక్విన్‌కి అసలు టెస్ట్ డోసే లేదు. చేతి మీద గుండ్రం గీసి పావుగంట చూసి 'సేఫ్' అనుకోవడం మనకు బాగా అలవాటైంది.

ఇక ఎవరి పని అన్నావు. ఇంగ్లండులో మాంచెస్టర్ సంగతి చెబుతాను. పుట్టగానే జబ్బుపడ్డ పసికందులకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గంటలోపు పడాలి. కానీ కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా జన్యుపదార్థంలో 1555వ స్థానంలో ఒక మార్పు ఉన్న బిడ్డకు ఆ ఇంజెక్షన్‌తో జీవితాంతం చెవుడు వచ్చే ప్రమాదం ఉంది. ఆ మార్పు తల్లి నుంచే వస్తుంది. మామూలు జన్యు పరీక్షకు రోజులు పడుతుంది, ఇంజెక్షన్ అంతసేపు ఆగదు. అందుకని బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి, బెడ్ పక్కనే చిన్న మెషిన్లో పెట్టి 26 నిమిషాల్లో ఫలితం చూసే పద్ధతి తయారు చేశారు. 2022లో ఆ ఫలితాలు ప్రచురించారు. బుగ్గ తుడిచి, మెషిన్లో పెట్టి, ఫలితం చూసింది ఎవరనుకున్నావు? పసిపిల్లల వార్డు నర్సులే. దోషం ఉన్న బిడ్డలకు వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు.

మనకు ఆ మెషిన్ లేదు. మన దగ్గర అమ్మమ్మ ఉంది. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కించే ముందు 'మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఇంజెక్షన్లు చేయించుకున్నాక చెవులు వినపడకుండా పోయాయా' అని తల్లిని, ఆమె తల్లిని అడుగు. నీ పోస్టింగులో రేపటి నుంచి ఒక పని చెయ్యి. అడ్మిషన్ రాసేటప్పుడు 'ఎలర్జీ ఉందా' దగ్గర ఆగకు. 'మీకు గానీ, మీ రక్తసంబంధీకులకు గానీ ఏదైనా మందు వికటించిందా? ఏమైంది? ఎన్నో రోజున?' అని పూర్తిగా అడుగు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాయి. 'మూత్రం డికాషన్‌లా' అన్న మాటలో ఉన్న సమాచారం 'రియాక్షన్ ఉంది' అన్న మాటలో లేదు. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో నోటితో కూడా చెప్పు.

మందు వికటించిన కేసు కనిపిస్తే రిపోర్టు చెయ్యడం కూడా నీ పనే. దేశంలో ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010 నుంచి ఉంది, కేంద్రం ఘజియాబాద్‌లో. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. నర్సు నేరుగా పంపొచ్చు, డాక్టరు సంతకం కోసం ఆగక్కర్లేదు. పేషెంట్లు స్వయంగా నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. పాడేరు తల్లీ, నువ్వు కూడా ఆ బాబు సంగతి ఈ నంబరుకు చెప్పు.

తెనాలి అమ్మగారూ, రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక రెండు ముక్కలు రాయండి. మీ తమ్ముడి 2009 నాటి డిశ్చార్జి కాగితం బీరువాలో ఎక్కడన్నా దొరికితే దాని జిరాక్స్ అమ్మాయి ఫైలులో పెట్టడం మర్చిపోకండి.